వెంట్రుక అంచున ఆగి చూద్దాం

హన్మకొండ, పరకాల, జనగామ, హుజూరాబాద్‌ల నుంచి వచ్చిన స్టూడియో మిత్రులకూ, ఫ్లెక్సీ డిజైనర్లకూ నమస్కారం.

మనం రోజూ ‘కటింగ్’ అని పిలుచుకునే సెలక్షన్ పని గురించే, అంటే ఫోటోలో కావలసిన భాగాన్ని వెనుక ఉన్నదాని నుంచి వేరుచేయడం గురించే ఈరోజు మాట్లాడతాను. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో, దశదినకర్మ ఫ్లెక్సీ కోసం ఒక వృద్ధురాలి పాత ఫోటోను ఫోటోషాప్‌లో, ఒకే రంగు ఉన్న చోటును ఒక్క నొక్కుతో ఎంచే మ్యాజిక్ వాండ్‌తో కత్తిరించాను. ఫ్లెక్సీ చూసిన ఆమె కొడుకు, “అన్నా, మా అవ్వకు చెవి కాడ తెల్లెంటికలు ఉండె గదా, ఏమైనయి?” అని అడిగాడు. వెనుక ఉన్నది సున్నం గోడ. మ్యాజిక్ వాండ్ మనం నొక్కిన చోటి రంగుకు అటూ ఇటూ టాలరెన్స్‌లో ఇచ్చినన్ని మెట్ల వరకు, ఫోటోషాప్‌లో మార్చకపోతే 32 మెట్ల వరకు, ఒకటిగానే లెక్కిస్తుంది కనుక, గోడతో పాటు ఆ తల్లి నెరిసిన వెంట్రుకలనూ తీసివేసింది.

సెలక్షన్ చుట్టూ చీమల బారులా కదిలే గీతను చూసి, దాని లోపలిదంతా మనకు దక్కిందనీ బయటిదంతా పోయిందనీ అనుకుంటాం. నిజానికి ప్రతి పిక్సెల్‌కూ, అంటే ఫోటోలోని ప్రతి చిన్న చుక్కకూ, అది ఎంత ఎంపికైందో చెప్పే 0 నుంచి 255 దాకా ఒక విలువ ఉంటుంది. సగానికి పైగా ఎంపికైన పిక్సెళ్ల చుట్టూ మాత్రమే ఆ గీత కనిపిస్తుంది. పావు వంతు ఎంపికైన వెంట్రుక కొస అక్కడే ఉన్నా మన కంటికి తెలియదు. అందుకే క్యూ మీట నొక్కి క్విక్ మాస్క్‌లో చూడమంటాను. ఎంపిక కాని చోట ఎర్రటి పొర కప్పుకుంటుంది. మన పెళ్లి ఫోటోల్లో చీరా ఎరుపే, వెనుక తెరా ఎరుపే కాబట్టి, క్విక్ మాస్క్ గుర్తును రెండుసార్లు నొక్కి ఆ పొరను ఆకుపచ్చకు మార్చుకోండి.

ఓరుగల్లు కోటలోని కీర్తి తోరణం ఫోటోలో ఆకాశం మార్చాలనుకుందాం. స్తంభాల నడుమ కనిపించే ఆకాశం బయటి ఆకాశంతో కలవదు కాబట్టి, ఆనుకుని ఉన్నవాటినే ఎంచమని చెప్పే కంటిగ్యువస్ గడిలో టిక్కు ఉంటే వాండ్ ఒక్క ముక్కనే పడుతుంది. టిక్కు తీస్తే అన్ని ముక్కలూ వస్తాయి కానీ, మబ్బు రోజున బూడిదరంగు రాయి కూడా ఆకాశంతో పాటే వచ్చేస్తుంది. అలా వచ్చిన రాతిని ఆల్ట్ మీట పట్టుకుని, చేత్తో చుట్టూ గీసి ఎంచే లాసోతో తీసివేయాలి. రాతికి అంచును మెత్తబరిచే ఫెదర్ ఎక్కువ ఇవ్వకండి, శిల్పం దూదిలా కనిపిస్తుంది.

అసలు కష్టం పెళ్లికూతురి జడ దగ్గర వస్తుంది. ఎర్ర తెర ముందు నల్లటి జుట్టు, అందులో మల్లెపూలు. ఫోటోలోని ఎరుపు వెలుగును మాత్రమే నలుపుతెలుపుల్లో చూపే ఎర్ర ఛానల్‌లో తెర తెల్లగా, జుట్టు నల్లగా విడివిడిగా కనిపిస్తాయి. దాని నకలు తీసి, వెలుగునీడలు సర్దే లెవెల్స్‌తో తేడా పెంచి, నలుపుతెలుపులను తిరగేస్తే, జుట్టు కొసలు కూడా తెల్లగా, అంటే ఎంపికైనట్టుగా, నిలుస్తాయి. మల్లెలు మాత్రం ఆ ఛానల్‌లో తెరతో కలిసిపోతాయి. వాటి కోసం నీలం ఛానల్‌కు వెళ్లాలి, అక్కడ తెర చీకటిగా, పూలు వెలుగుతూ కనిపిస్తాయి. ఈ రెండు ఎంపికలనూ కలిపి, ముఖం, నగల లోపలి భాగాన్ని బ్రష్‌తో తెల్లగా నింపి, పట్టుచీర భుజం అంచును నునుపైన గీతలు గీసే పెన్ టూల్‌తో గీసుకుంటే పని పూర్తవుతుంది. కొసలకు అంటిన ఎర్ర చాయను డీకంటామినేట్ కలర్స్ అనే సదుపాయంతో తగ్గించాలి. ఒక్క నొక్కుతో మనిషిని ఎంచే సదుపాయం ఇప్పుడు వచ్చింది, నేనూ వాడతాను. అయినా బుట్టకమ్మ సందులోని ఖాళీనీ, జడ చివరనూ పెద్దది చేసి నేనే చూసుకుంటాను.

తీసివేయవలసిన దానిని డిలీట్ చేయకుండా, చెరపకుండానే కనబడకుండా కప్పే లేయర్ మాస్క్‌తో దాచండి, ఫైలును ఫోటోషాప్ సొంత రూపమైన పీఎస్‌డీగా భద్రపరచండి. జేపెగ్‌లో మాస్కు నిలవదు. ఆనాడు నేను జేపెగ్ మాత్రమే ఉంచుకోవడం వల్ల, ఆ కొడుకు ఇంటికి వెళ్లి ఫోటో మళ్లీ తెచ్చేదాకా నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఇప్పుడు మీకు ఇచ్చిన పెళ్లికూతురి ఫోటో తెరవండి. ఎర్ర ఛానల్‌తో మొదలుపెడదాం.