చక్రాల ఇంటికి చలికాలపు చోటు

శ్రోతలందరికీ నమస్కారం.

అమెరికాలో ఉన్న ఇల్లు అమ్మేసో, అద్దెకిచ్చేసో, ఏడాది పొడుగునా ఆర్‌వీలోనే కాపురం చేసేవాళ్లు ఉన్నారు. ఆర్‌వీ అంటే చక్రాల మీది ఇల్లు. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ అందులోనే. ఇంజిను దానికే ఉంటే మోటార్‌హోమ్, పికప్ ట్రక్కుకు తగిలించి లాగితే ట్రైలర్. పిల్లలు స్థిరపడ్డాక, ఉద్యోగం వదిలాక ఈ దారి గురించి ఆలోచించే తెలుగువాళ్లూ ఉన్నారు. వేసవిలో ఈ కాపురానికి పెద్ద చిక్కేమీ లేదు. అక్టోబరు వచ్చేసరికి మాత్రం ఒక ప్రశ్న ఎదురవుతుంది: రాబోయే నాలుగైదు నెలలు ఎక్కడ ఉండాలి?

కొత్తవాళ్లు మ్యాపు ముందేసుకుని కిందికి చూస్తారు. దక్షిణాన ఉంటే వెచ్చగా ఉన్నట్టే అనుకుంటారు. మొదటి పొరపాటు ఇక్కడే. అరిజోనాలో టూసాన్, న్యూ మెక్సికోలో డెమింగ్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. టూసాన్ 2,400 అడుగుల ఎత్తులో ఉంది, డెమింగ్ 4,300 అడుగుల ఎత్తులో. జనవరిలో డెమింగ్ రాత్రులు తరచూ గడ్డకట్టే స్థాయి కిందికి పోతాయి. టూసాన్‌లో సగటు రాత్రి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే, అంటే మన లెక్కలో 5 సెల్సియస్ చుట్టుపక్కల. ఇంకా గట్టి ఉదాహరణ కావాలంటే ఫీనిక్స్, ఫ్లాగ్‌స్టాఫ్ చూడండి. రెండూ అరిజోనాయే, మధ్య దూరం రెండున్నర గంటల ప్రయాణం. ఫీనిక్స్ 1,100 అడుగులు, ఫ్లాగ్‌స్టాఫ్ 7,000 అడుగులు. ఫీనిక్స్‌లో చొక్కాతో తిరుగుతున్న రోజునే ఫ్లాగ్‌స్టాఫ్‌లో పారతో మంచు ఎత్తిపోస్తుంటారు. ప్రతి వెయ్యి అడుగులకూ మూడు నుంచి ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. అందుకే ఊరి పేరు తర్వాత ముందు చూడాల్సింది సముద్రమట్టం నుంచి ఎత్తు. మొదటి చలికాలానికి 2,500 అడుగులు దాటకపోవడం మంచిది.

రెండోది, పగటి ఎండను చూసి మోసపోకూడదు. ప్రకటనల్లో ఎప్పుడూ పగటి ఉష్ణోగ్రతే ఉంటుంది. చక్రాల ఇంట్లో బతకడం కష్టమా సుఖమా అన్నది తేల్చేది రాత్రి. ఈ బండి గోడ చాలావాటిలో రెండంగుళాల మందం, అద్దాలు ఒంటిపొరవి. నేల కిందనుంచి గాలి కొడుతుంది. అన్ని కాలాలకూ పనికొస్తుందని చెప్పడానికి అమ్మేవాళ్లు ‘ఫోర్ సీజన్’ అని అంటించే చీటీకి చట్టపరమైన కొలమానం ఏదీ లేదు. చీటీ మాట వదిలి, బండి కిందికి వంగి చూడండి. నీళ్ల ట్యాంకులకు కింద మూత ఉందా, ఆ మూత లోపలికి ఫర్నేసు, అంటే బండిని వేడిచేసే యంత్రం, గాలి గొట్టం వెళ్తోందా? ఉంటేనే అది చలికి తట్టుకునే బండి.

రాత్రి చలికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేద్దాం. ఫర్నేసు ప్రొపేన్ గ్యాసుతో నడుస్తుంది. 20 పౌండ్ల సిలిండరులో దాదాపు 4,30,000 బీటీయూల వేడి ఉంటుంది. బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం. ఫర్నేసు గంటకు 30,000 బీటీయూలు కాలుస్తుందనుకోండి. ఆగకుండా మండితే 14 గంటల్లో సిలిండరు ఖాళీ. ఓ మోస్తరు చలిలో అది మూడింట ఒక వంతు సమయమే మండుతుంది కాబట్టి రెండు రోజులు కూడా నిండవు. రాత్రి మరో పది డిగ్రీలు పడిపోతే రోజుకో సిలిండరు మోయాలి. పైగా ఫర్నేసు ఫ్యాను బ్యాటరీని తాగుతుంది. 12 వోల్టుల మీద సుమారు 8 ఆంపియర్లు. పన్నెండు గంటల రాత్రిలో నాలుగు గంటలు తిరిగినా బ్యాటరీ నిల్వలోంచి 32 ఆంపియర్ అవర్లు పోయినట్టే. గ్యాసు నిండుగా ఉన్నా తెల్లవారుజామున నాలుగింటికి ఫర్నేసు చల్లబడిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. గ్యాసు అయిపోలేదు, బ్యాటరీ పడుకుంది.

కాబట్టి ఊరు ఎంచుకునేటప్పుడు ఆ ఊరి జనవరి సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత చూడండి. అమెరికా జాతీయ వాతావరణ సేవ ఇవి ఉచితంగా ఇస్తుంది. 40 ఫారెన్‌హీట్ పైన ఉంటే కొత్తవాళ్లకు ఫరవాలేదు. 35 నుంచి 40 మధ్య అయితే కరెంటు ఉన్న స్థలం తప్పదు. అంతకంటే తక్కువ చోట్లను రెండో ఏడాదికి వదిలేయండి.

ఈ జల్లెడ పట్టాక మిగిలేవి ముఖ్యంగా మూడు ప్రాంతాలు: అరిజోనా దక్షిణపు ఎడారి, టెక్సాస్ కొసన ఉన్న రియో గ్రాండే లోయ, ఫ్లోరిడా.

ఫ్లోరిడా గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. దాని దక్షిణ భాగంలో రాత్రులు మిగతా రెంటికంటే వెచ్చన, ఆ సంగతి అందరికీ తెలుసు, అందుకే చోటు దొరకదు. 2024 నుంచి అక్కడి రాష్ట్ర పార్కుల్లో స్థానికులకు 11 నెలల ముందు, బయటివాళ్లకు 10 నెలల ముందు బుకింగు తెరుస్తున్నారు. అంటే మీకంటే నెలరోజులు ముందే వరస కట్టినవాళ్లు ఉంటారు. అక్టోబరులో ఆలోచన మొదలుపెట్టినవాళ్లకు మొదటి ఏడాది ఫ్లోరిడా కుదరని పని.

రియో గ్రాండే లోయ కొత్తవాళ్లకు అనువైన చోటు. మిషన్, వెస్లాకో, హార్లింజెన్ ఊళ్ల చుట్టూ ఆర్‌వీ పార్కులు బోలెడు. అయోవా, మిన్నెసోటా నుంచి ఏటా వచ్చే పెద్దవాళ్లను అక్కడ ‘వింటర్ టెక్సన్లు’ అని పిలుస్తారు. వాటిలో చాలా పార్కులు 55 ఏళ్లు పైబడినవాళ్లకే, కొన్ని పదేళ్లు దాటిన బండిని రానివ్వవు. ఫోనులోనే ఈ రెండూ అడగండి. నెలవారీ అద్దె చెప్పినప్పుడు కరెంటు అందులో కలిసిందా, మీటరు వేరా అన్నది మూడో ప్రశ్న. 1,500 వాట్ల హీటరు సగం సమయం నడిచినా రోజుకు 18 యూనిట్లు, యూనిట్‌కు 15 సెంట్ల లెక్కన నెలకు 80 డాలర్లు దాటుతుంది. లోయకు కూడా పూర్తి హామీ లేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన చలిగాలికి అక్కడా నీళ్లు గడ్డకట్టాయి, కరెంటు పోయింది. అందుకే పార్కులో ఉన్నా ఒక సిలిండరు నిండుగా ఉంచుకోవాలి.

మన వాళ్లకు ఇంకో మాట. లోయ నుంచి మెక్సికోలోని న్యూవో ప్రోగ్రెసోకు, అరిజోనాలోని యూమా దగ్గర నుంచి లాస్ అల్గొడోనెస్‌కు పళ్లవైద్యం కోసం, మందుల కోసం చాలామంది నడిచి వెళ్లొస్తారు. చూసి మీరూ బయల్దేరకండి. గ్రీన్‌కార్డు ఉంటే పాస్‌పోర్టు, కార్డు రెండూ జేబులో ఉండాలి. వీసా స్టాంపు గడువు తీరినవాళ్లు లాయరును అడగనిదే సరిహద్దు దాటకూడదు. సరిహద్దు దాటకపోయినా లోయ నుంచి ఉత్తరానికి వెళ్లే దారిలో ఫాల్‌ఫూరియస్ దగ్గర తనిఖీ కేంద్రం ఉంది. పౌరసత్వం లేనివాళ్లు కాగితాలు వెంట పెట్టుకోవడం చట్టం.

ఇక ఎడారి. ఎక్కువ ఆకర్షించేదీ, ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే. కొలరాడో నదికి కాస్త తూర్పున క్వార్ట్‌జ్‌సైట్ అని చిన్న ఊరు. ఎత్తు 900 అడుగుల లోపు. వేసవిలో రెండున్నర వేలమంది కూడా ఉండని ఆ ఊరి చుట్టూ జనవరిలో కనుచూపు మేరంతా తెల్ల బండ్లే. ఆ నేల కేంద్ర ప్రభుత్వానిది, చూసేది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్. మామూలు స్థలాల్లో 14 రోజులు ఉచితంగా ఉండవచ్చు, తర్వాత 25 మైళ్లైనా జరగాలి. కదలకుండా ఉండాలంటే ఊరి దక్షిణాన లా పోసా అనే దీర్ఘకాల విడిది ఉంది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఒకే రుసుముతో అనుమతి ఇస్తారు. రేటు ఆ ఏడాదిది ఎంతో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. లా పోసా దక్షిణ భాగంలో మంచినీళ్ల కుళాయి, మురుగు వదిలే చోటు, చెత్త డబ్బాలు ఉంటాయి. బండి దగ్గరికి మాత్రం ఏ పైపూ రాదు, కరెంటూ రాదు.

అక్కడ మొదట అయిపోయేది నీళ్లు. 40 గ్యాలన్ల ట్యాంకుతో ఇద్దరు మనుషులు పొదుపుగా, రోజుకు ఎనిమిది గ్యాలన్లు వాడితే ఐదు రోజులు. మన వంటకు గిన్నెలు ఎక్కువ, కాబట్టి నాలుగనుకోండి. గిన్నెల్ని ముందు కాగితంతో తుడిచి తర్వాత కడిగితే నీళ్లూ మిగులుతాయి, మురుగు ట్యాంకులో జిడ్డూ పేరుకోదు.

తర్వాతది కరెంటు. డిసెంబరు 21న మధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు క్షితిజం నుంచి 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, క్వార్ట్‌జ్‌సైట్‌లో 33 డిగ్రీలే. కప్పు మీద పడుకోబెట్టిన సోలార్ పలక మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. 400 వాట్ల పలకలు మబ్బులేని రోజున కూడా ఒకటి, ఒకటింపావు యూనిట్‌కు మించి ఇవ్వవు. పలకను దక్షిణం వైపుకు తిరిగేలా లేపి నిలబెడితే సగానికి పైగా ఎక్కువ వస్తుంది. ఫర్నేసు ఫ్యాను, 12 వోల్టుల ఫ్రిజ్, దీపాలు, ఒక ల్యాప్‌టాప్ కలిస్తే అంతా దానికే సరి. ఉపగ్రహ ఇంటర్నెట్ పళ్లెం సగటున 50 వాట్లు లాగుతుంది. రోజంతా ఆపకుండా ఉంచితే 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఒకటి దానికే సరిపోతుంది. కరెంటు కుక్కరు పక్కనబెట్టి, విజిల్ కుక్కరు గ్యాసు మీద పెట్టడం ఇక్కడ తెలివైన పని. లిథియం బ్యాటరీకి ఇంకో గుణం: లోపలి సెల్లు సున్నా సెల్సియస్ కిందికి పోతే ఛార్జింగ్ తీసుకోకూడదు. రక్షణ సర్క్యూట్ ఆపేస్తుంది, ఎండ కాస్తున్నా మీటరు సున్నా చూపిస్తుంది. బ్యాటరీ చెడిపోయిందని కంగారుపడి కొత్తది కొనేవాళ్లున్నారు. బండి లోపల, మంచం కింద పెట్టుకుంటే ఆ గొడవే లేదు.

ఎడారి ఎలుకల సంగతీ చెప్పాలి. ఇంజిను మూత కింద గూడు కట్టి వైర్లు కొరికేస్తాయి. అందుకే అక్కడ రాత్రిపూట ట్రక్కుల బానెట్లు తెరిచి కనిపిస్తాయి. చీకటి, మూసిన చోటు వాటికి ఇష్టం కాబట్టి ఆ రెండూ లేకుండా చేయడమే మందు. ఇక గాలి: మధ్యాహ్నం నిశ్చలంగా ఉందని బండి పక్కకు గుడ్డ చూరు చాచి ఊళ్లోకి వెళ్తే, వచ్చేసరికి అది కప్పు మీద ఉంటుంది.

పార్కులో ఉన్నా, ఎడారిలో ఉన్నా ఒకటి రెండు రాత్రులు నీళ్లు గడ్డకట్టేంత చలి రావచ్చు. 28 ఫారెన్‌హీట్ కిందికి పోతుందని వాతావరణ సూచన ఉంటే సాయంత్రమే బయటి గొట్టం విప్పి, నీళ్లు కార్చి లోపల పెట్టండి. ముందే నింపుకున్న ట్యాంకు నుంచి పంపుతో వాడుకోండి. సింకు కింది అలమర తలుపులు తెరిచి ఉంచండి. ముఖ్యంగా, పార్కు కరెంటు వచ్చింది కదా అని గ్యాసు ఆదా చేయడానికి ఎలక్ట్రిక్ హీటరొక్కటే పెట్టుకోవద్దు. గది వెచ్చగానే ఉంటుంది, కింద ట్యాంకుల దగ్గరికి వేడిగాలి తీసుకెళ్లేది ఫర్నేసు గొట్టం మాత్రమే. అది మండకపోతే మీరు వెచ్చగా నిద్రపోతుండగా పైపు పగులుతుంది. పైగా 30 ఆంపియర్ల ప్లగ్గు మొత్తం ఇచ్చేది 3,600 వాట్లు. రెండు హీటర్లు పెట్టి మైక్రోవేవ్ నొక్కితే బ్రేకరు పడిపోతుంది.

మరుగుదొడ్డి ట్యాంకు గొట్టం పార్కు మురుగు పైపుకు తగిలించి ఉన్నా దాని వాల్వు మూసే ఉంచాలి. తెరిచి వదిలితే నీరు జారిపోయి గట్టిది అడుగున గుట్టపడుతుంది. చలికి అది రాయవుతుంది. మూడు వంతులు నిండాక ఒక్కసారిగా వదలండి.

చెమ్మ మరో శత్రువు, టెక్సాస్ తీరంలో మరీను. ఒక కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. ఫర్నేసు దాన్ని పొగగొట్టంలోంచి బయటికి పంపుతుంది, వంట పొయ్యి మాత్రం ఇంట్లోకే వదులుతుంది. దానికి తోడు ఒక వాయి ఇడ్లీ వేస్తే అద్దాల మీద నీళ్లు ధార కడతాయి. ఆ నీళ్లు పరుపు కింద చేరి ఫిబ్రవరికల్లా బూజు. వండేటప్పుడు పైకప్పు ఫ్యాను వేసి, ఎదురుగా కిటికీ ఓ అంగుళం తీయండి. ఇంటిని వేడెక్కించడానికి పొయ్యి వెలిగించి నిద్రపోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక ముద్రించిన గడువు తేదీ ఈ రోజే చూడండి.

ఇవన్నీ తూచి చూస్తే మొదటి ఏడాదికి కుదిరే పద్ధతి ఇది. నవంబరు, డిసెంబరు ఎక్కడా కట్టిపడేసుకోకండి, మామూలుగా చోట్లు దొరుకుతాయి. జనవరి, ఫిబ్రవరి మాత్రం కరెంటు, నీళ్లు, మురుగు మూడూ ఉన్న పార్కులో ముందే నెలవారీగా మాట్లాడుకోండి. ఎడారిని రుచి చూడాలంటే పార్కులో దిగేముందు పది రోజులు 14 రోజుల ఉచిత స్థలంలో ఉండండి. ఏ రోజు నీళ్లు అయ్యాయి, ఏ ఉదయం బ్యాటరీ ఎంత మిగిలింది, సిలిండరు ఎన్ని రాత్రులు వచ్చింది, పుస్తకంలో రాసుకోండి. లా పోసాలో మొత్తం సీజన్ ఉండగలరా లేదా అన్నది ఆ పది రోజుల అంకెలే చెబుతాయి.

తిరుగు ప్రయాణానికి తొందరపడొద్దు. మార్చి చివరికి ఎడారి వేడెక్కడం మొదలై, అందరూ సర్దుకోవడం చూసి కాళ్లు ఆగవు. అక్కడి నుంచి ఉత్తరానికి పోయే దారులు చాలావరకు ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగానో, రాకీ కనుమల మీదుగానో ఎక్కుతాయి, ఆ ఎత్తులో ఏప్రిల్‌లోనూ మంచు పడుతుంది. ఎడారిలో ఎండ మరీ బాధిస్తే ఉత్తరానికి పోనక్కర్లేదు. ఒకటిన్నర నుంచి మూడున్నర వేల అడుగులు పైకెక్కి, టూసాన్ పరిసరాల్లోనో డెమింగ్ దగ్గరో ఓ మూడు వారాలు ఆగండి. జనవరిలో వద్దన్న డెమింగ్ ఏప్రిల్‌లో చక్కగా ఉంటుంది.

నమస్కారం.