రెండు ఇడ్లీలతో రోజంతా: వ్యాయామం చేస్తూ బరువు తగ్గాలనుకునేవాళ్లు ఎంత తినాలి?

చర్చలో పాల్గొన్నవారు: ఎండోక్రైనాలజీ (హార్మోన్ల) డాక్టర్, పోషకాహార నిపుణురాలు, జిమ్ ట్రైనర్, కూకట్‌పల్లి నుంచి వచ్చిన ఒక స్కూల్ టీచర్.

యాంకర్: అందరికీ నమస్కారం. బరువు తగ్గాలంటే తిండి మానేయాలి, ఒళ్లు వంచాలి. మనందరి మనసులో ఉన్న లెక్క ఇదే కదా. ఈ రెండూ ఒకేసారి చేసి ఆరోగ్యం పాడుచేసుకున్న టీచర్ గారు ఈరోజు మనతో ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పం. మీతోనే మొదలుపెడదాం టీచర్ గారూ. అసలేం జరిగింది?

టీచర్: నాకు 34 ఏళ్లండి. ఎత్తు 158 సెంటీమీటర్లు. పాప పుట్టాక 74 కిలోలకు చేరాను. పొద్దున గంట జుంబా, సాయంత్రం ముప్పావుగంట నడక మొదలుపెట్టి, తిండి బాగా తగ్గించాను. మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గేసరికి చాలా సంతోషం వేసింది. పది వారాల్లో ఆరు కిలోలు తగ్గాను. ఆ తర్వాత ముల్లు కదల్లేదు. ఇంకా తగ్గించి తిన్నాను. మూడో నెలలో పీరియడ్స్ ఆగిపోయాయి. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టే. ఒకరోజు స్కూల్లో మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగి పడిపోయాను.

యాంకర్: అప్పుడు రాసుకున్న నోట్‌బుక్ తెచ్చారు కదా. మేడమ్, ఒక పేజీ చదువుతారా?

పోషకాహార నిపుణురాలు: ఏ రోజు తీసినా దాదాపు ఇలాగే ఉంది. పొద్దున గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, చెంచా తేనె. జుంబా అయ్యాక రెండు ఇడ్లీలు, అరకప్పు సాంబారు. పక్కన 'చట్నీ లేదు' అని రాసి గీత కూడా గీశారు. మధ్యాహ్నం రెండు పుల్కాలు, సొరకాయ కూర, పల్చటి మజ్జిగ. సాయంత్రం గ్రీన్ టీ, నాలుగు బాదం పప్పులు. రాత్రి ఒక ఆపిల్. నేను రెండుసార్లు కూడాను. ఎంత ధారాళంగా లెక్కేసినా 600 కేలరీలు దాటట్లేదు. ప్రోటీన్ అయితే 15 గ్రాముల దగ్గర ఆగింది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కిలోకి రోజుకు 0.83 గ్రాములు. ఉండాల్సిన బరువు 55 కిలోలు అనుకున్నా 45 గ్రాములు కావాలి. ఆవిడకు అందింది అందులో మూడో వంతు.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. ఆవిడ బరువుకి గంట జుంబా, ముప్పావుగంట నడక కలిపితే ఐదారు వందల కేలరీలు. అంటే తిన్నదంతా వ్యాయామానికే సరిపోయింది. మరి గుండె కొట్టుకోవడానికి, మెదడు పనిచేయడానికి, ఒంట్లో వేడి నిలబడటానికి ఏం మిగిలింది? ఏ పనీ చేయకుండా మంచం మీద పడుకున్నా ఆవిడ శరీరానికి సుమారు 1300 కేలరీలు కావాలి.

యాంకర్: కానీ మేడమ్, ఒంట్లో కొవ్వు ఉంది కదా. అది కరగాలనే కదా ఇదంతా?

పోషకాహార నిపుణురాలు: కరుగుతుంది. దానికీ ఒక వేగం ఉంటుంది. లోటు మరీ పెద్దదైతే, పైగా ప్రోటీన్ కూడా లేకపోతే, శరీరం కండను కూడా విరుచుకుని వాడుకుంటుంది. మొదటి వారం తగ్గిన రెండు కిలోల్లో చాలావరకు నీళ్లే. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము తనతోపాటు మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే అది ఖాళీ అయి, నీళ్లు బయటికి పోతాయి. మెషీన్ మీద అంకె తగ్గిందని అందరూ ఇక్కడే మోసపోతారు.

ట్రైనర్: కండ సంగతి నేను కళ్లారా చూస్తుంటాను. చేరినప్పుడు ఎనిమిది కిలోల డంబెల్ తేలిగ్గా ఎత్తినవాళ్లు రెండు నెలల క్రాష్ డైట్ తర్వాత ఐదు కిలోలకే చేతులు వణికిస్తారు. బరువు తగ్గానని వాళ్లు సంబరపడుతుంటే నాకు దిగులేస్తుంది.

యాంకర్: డాక్టర్ గారూ, పీరియడ్స్ ఎందుకు ఆగాయి?

డాక్టర్: మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. లోపలికి వస్తున్న శక్తి చాలట్లేదని దానికి తెలియగానే, ఇప్పుడు గర్భం మోసే స్థితి లేదని తీర్మానించేస్తుంది. అండాశయాలకు వెళ్లే సంకేతాలు తగ్గిపోతాయి. ఈస్ట్రోజన్ పడిపోతుంది. నెలల తరబడి ఇలాగే సాగితే ఎముకలు కూడా బలహీనపడతాయి. క్రీడాకారుల్లో ఈ సమస్య చాలా ఎక్కువ. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి 'రెడ్-ఎస్', అంటే క్రీడల్లో శక్తి కొరత, అని పేరు పెట్టి మార్గదర్శకాలు ఇచ్చింది. పరుగు పందాల్లో పాల్గొనే అమ్మాయిలకే వస్తుందనుకోవద్దు, ఇంట్లో యూట్యూబ్ చూసి ఎక్సర్‌సైజ్ చేసే అమ్మకూ వస్తుంది. జుట్టు రాలడమైతే రెండు మూడు నెలలు ఆలస్యంగా మొదలవుతుంది. అందుకే చాలామంది దాన్ని డైట్‌తో ముడిపెట్టరు, షాంపూ మారుస్తారు.

టీచర్: నేనూ షాంపూనే మార్చానండి. ఇంకో విషయం ఉంది, అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఏప్రిల్ నెలలో చలేసేది. మా ఆయన, పాప ఫ్యాన్ కింద పడుకుంటే నేను పక్క గదిలో దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. నిద్ర పట్టక రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో వంటల వీడియోలు చూసేదాన్ని. బిర్యానీ, గుత్తివంకాయ, అవే. పిచ్చిపడుతోందేమో అని భయమేసింది.

డాక్టర్: పిచ్చి కాదమ్మా. ఆకలి. మీరు చెప్పినవే అమెరికాలో 80 ఏళ్ల క్రితం నమోదయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశారు. 24 వారాలు రోజుకి సుమారు 1570 కేలరీలే ఇచ్చి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. దాదాపు పావు వంతు బరువు తగ్గారు. ఎండాకాలంలో చలి అన్నారు, జుట్టు రాలింది, కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. వాళ్లు మగవాళ్లు, బక్కపలచని వాళ్లు, నిజమే. కానీ వాళ్లకిచ్చిన దాంట్లో సగం కూడా మీరు తినలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తక్కువ తింటే బరువు పెరుగుతారని నేననట్లేదు. శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది. థైరాయిడ్ హార్మోన్‌లో చురుకైన టీ3 తగ్గుతుంది. మనకు తెలియకుండానే కదలిక కూడా తగ్గిపోతుంది.

టీచర్: అవును సార్. క్లాసులో నిలబడి పాఠం చెప్పే దాన్ని, కుర్చీలోంచి లేవడం మానేశాను. బోర్డు మీద పిల్లలతోనే రాయించేదాన్ని.

ట్రైనర్: మేడమ్ చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ రెండో వైపు కూడా మాట్లాడాలి. 'తినండి, తినండి' అని టీవీలో వింటే కొందరు దాన్నే పట్టుకుంటారు. ట్రెడ్‌మిల్ 400 కేలరీలు చూపించిందని వస్తూ వస్తూ దారిలో నాలుగు మిర్చి బజ్జీలు తింటారు. ఆ మెషీన్లు, చేతి వాచీలు చాలాసార్లు ఎక్కువ చూపిస్తాయి. నా దగ్గరికొచ్చే పది మందిలో తక్కువ తినేవాళ్లు ఇద్దరుంటే, లెక్కకు రానిది తినేవాళ్లు ఎనిమిది మంది.

పోషకాహార నిపుణురాలు: అది నిజం. ముఖ్యంగా నూనె. నలుగురున్న ఇంట్లో నెలకి ఐదు లీటర్లు వాడుతున్నారనుకోండి. ఒక్కొక్కరికి రోజుకి 38 గ్రాములు, అంటే 340 కేలరీలు. ప్లేటులో ఎక్కడా కనిపించవు. అందుకే అన్నం కొలిచేముందు నూనె ప్యాకెట్లు లెక్కపెట్టమంటాను. అలాగే వాచీ చూపించిన కేలరీలన్నీ తిరిగి తినమని నేను చెప్పను. వ్యాయామంతో కలిపి రోజంతటి ఖర్చు అంచనా వేసి, అందులోంచి 400, 500 తగ్గించి తినమంటాను. టీచర్ గారి ఖర్చు సుమారు 1950. కాబట్టి 1450 నుంచి 1500 తినాలి. కిలో కొవ్వు అంటే దాదాపు 7700 కేలరీలు. రోజుకి 500 లోటుంటే వారానికి అరకిలోకి కాస్త తక్కువ తగ్గుతారు.

యాంకర్: నల్గొండ నుంచి ఒక కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. 88 కిలోలున్నా. అన్నం పూర్తిగా బంద్ చేసిన. పొద్దుగాల ఖాళీ కడుపుతోటి గ్రౌండ్‌కి పోతా, మళ్లీ పన్నెండింటికే తింటా. ఐదు కిలోలు తగ్గిన గానీ 1600 మీటర్ల టైమింగ్ ఇంకా ఖరాబైంది అన్నా. మూడో రౌండ్‌ల కాళ్లు కదలవు.

ట్రైనర్: తమ్ముడూ, ఆ మూడో రౌండ్‌లో కాళ్లు అడిగేది గ్లైకోజెన్‌నే. నువ్వు అన్నం, రొట్టె రెండూ ఆపేస్తే అది ఎక్కడి నుంచి వస్తుంది? పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండు తిను. గ్రౌండ్ నుంచి రాగానే రెండు మూడు ఉడకబెట్టిన గుడ్లు, దాంతోపాటు ఇడ్లీనో, జొన్నరొట్టెనో ఏదో ఒకటి ఉండాలి. పన్నెండింటి దాకా ఆగొద్దు. మధ్యాహ్నం అన్నం తిను, పప్పు ఎక్కువ, కూర ఎక్కువ. రాత్రి తగ్గించుకో. బరువు నిదానంగా దిగుతుంది, టైమింగ్ ముందు బాగుపడుతుంది. వారానికి ఒకరోజు గ్రౌండ్‌కి సెలవు పెట్టు.

కాలర్: ప్రోటీన్ పౌడర్ కొనాల్నా అన్నా?

ట్రైనర్: డబ్బులుంటే గుడ్లు కొనుక్కో. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. పచ్చి పెసరపప్పు వంద గ్రాముల్లో 24 గ్రాములుంటాయి.

డాక్టర్: నేనొకటి కలుపుతాను. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి తగ్గించి వ్యాయామం పెంచితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. వణుకు, చెమట, తికమక. డోసు మార్చకుండా డైట్ మొదలుపెట్టొద్దు, ముందు మీ డాక్టర్‌ని అడగండి. ఇంకొకటి, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అసలే రక్తం తక్కువ ఉన్న ఒంటికి 600 కేలరీల తిండి పెట్టి జుంబా చేయిస్తున్నాం. డైట్ మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి అమ్మా. మూడు నెలలు పీరియడ్స్ రాకపోతే ఆలస్యం చేయకుండా రండి. డైట్ వల్లే అని మీకు మీరే తేల్చుకోవద్దు. గర్భం, థైరాయిడ్, పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ సమస్య కూడా చూడాలి.

యాంకర్: టీచర్ గారూ, ఇప్పుడేం తింటున్నారు?

టీచర్: జుంబాకి ముందు చిన్న అరటిపండు. వచ్చాక రెండు పెసరట్లు, అల్లం చట్నీ. మధ్యాహ్నం గిన్నెతో కొలిచి కప్పున్నర అన్నం, కప్పు ముద్దపప్పు, కూర, పెరుగు. నాలుగింటికి శనగ గుగ్గిళ్లు. రాత్రి రెండు పుల్కాలు, రెండు గుడ్ల కూర. మొదటిరోజు ఆ కంచం చూసి ఏడ్చానండి. ఇన్ని నెలల కష్టం వృథా అవుతుందనిపించింది. మొదటి రెండు వారాల్లో కిలోన్నర పెరిగాను కూడా.

పోషకాహార నిపుణురాలు: అప్పుడు రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేశారు.

టీచర్: చేశాను. నీళ్లు తిరిగొస్తున్నాయి, మెషీన్‌ని అటక మీద పెట్టేయండి అన్నారు. మా ఆయన చేత పెట్టించాను. నెలకొకసారి దించుకుంటున్నాం. నాలుగు నెలలైంది. ఇప్పుడు 66. పోయిన నెల పీరియడ్ వచ్చింది. మేడమ్, ఇంకో పది కిలోలు తగ్గాలని ఉంది. ఎన్నాళ్లు పడుతుంది?

పోషకాహార నిపుణురాలు: ఆరు చాలు ముందు. ఆ ఆరుకీ ఆరు నెలలు ఇవ్వండి. మధ్యలో సంక్రాంతి వస్తుంది, అరిసెలు తింటారు కదా, అవీ కలిపే చెప్తున్నాను.

టీచర్: అరిసెలు తినొచ్చా?

పోషకాహార నిపుణురాలు: రెండు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కొంచెం తగ్గించుకోండి, గుడ్లు మాత్రం మానొద్దు.