అశోకానికి చోటివ్వండి

అధ్యక్షులకు, కాలనీ పెద్దలకు, అమ్మలకు నమస్కారం. వన మహోత్సవాన్ని 1950లో అప్పటి కేంద్ర మంత్రి మున్షీ గారు మొదలుపెట్టిన సంగతి ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నేను నేరుగా తగాదాలోకి వస్తాను.

ఇందాక ఆహ్వానించేటప్పుడు, 'అశోక చెట్ల పక్కన చెప్పులు విడవండి' అన్నారు. గేటు దగ్గర నిటారుగా ఉన్నవి అశోకాలు కావండీ, నరమామిడి చెట్లు. సీతాఫలం కుటుంబం. అసలు అశోకం మన చింతకు దగ్గరి చుట్టం. దాని పువ్వుకు రేకులు ఉండవు. రేకులని మనం అనుకునేవి రక్షకపత్రాలు, అంటే మొగ్గను కప్పి ఉంచే తొడిమ ఆకులు. నారింజ రంగులో విచ్చి, క్రమంగా ఎర్రబడతాయి. ముదురు కాండం మీద కూడా గుత్తులు పూస్తాయి. లేత ఆకులు మాత్రం రాగి రంగులో, వడలినట్టు కిందికి వేలాడతాయి.

ఆ వేలాడటమే కొంప ముంచింది! మా వీధి చివరి పార్కులో నేనొక అశోకం నాటాను. బాగా నిలదొక్కుకుని చిగురు వేసింది. పార్కు చూసే పెద్దమనిషి ఎదురొచ్చి, 'మాస్టారూ, మీ మొక్కకు తెగులు పట్టింది, పీకించేశాను' అన్నారు. తెగులు కాదు మహాప్రభో, అది చిగురు! ఆ గుంతలో ఇప్పుడేముందో తెలుసా? నరమామిడి. పక్కన 'అశోక' అని బోర్డు.

అమ్మా, మీలో అశోకారిష్టం అనే ఆయుర్వేద మందు తాగినవారు ఉంటారు. దానికి కావలసింది ఈ చెట్టు బెరడు. పడమటి కనుమల దిగువన, వాగుల పక్కన నీడలో పెరిగే చెట్టు ఇది. చుట్టూ బెరడు ఒలిచేస్తే ఆకులు చేసిన ఆహారం వేళ్లకు దిగదు, చచ్చిపోతుంది. అడవీ తరుగుతోంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 1998లోనే దీన్ని ముప్పున్న జాతుల్లో చేర్చింది. బెరడు చాలక కల్తీ చేస్తున్నారు. దేనితో? ఆ నరమామిడి బెరడుతోనే!

సీతమ్మ కూర్చున్నది అశోకవనంలోనే అయినా శింశుపా వృక్షం కింద. సరే, ఆ కథ వద్దు, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు.

విజయవాడలో ఏలూరు, బందరు, రైవస్ కాలువలున్నాయి. అశోకానికి చెమ్మ, నీడ కావాలి. బెంజి సర్కిల్ ఎండలో పెడితే మాడిపోతుంది. గట్ల మీద పెద్ద చెట్ల చాటున పెట్టండి. గింజ నిలవ ఉండదు, కాయ పండగానే పాతాలి. వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేస్తారు, అప్పుడు బిందెలతో పోయాలి. కార్యదర్శి గారూ, పుస్తకం తెప్పించండి. మొక్క తీసుకునేవారి పేరు పక్కనే నీళ్లు పోసేవారి పేరూ రాయించండి. ముందు ఆ వెనక వరుసలో నవ్వుతున్న కుర్రవాళ్లవి.