మావి పనిచేస్తోందా? స్కానింగు చెప్పేదెంత?

(పర్లాకిమిడిలో ఆశా కార్యకర్తలు, గర్భిణుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది బరంపురమో, శ్రీకాకుళమో వెళ్లి స్కానింగు చేయించుకున్నవారే. ఆ రిపోర్టులో మావి గురించి, అంటే కడుపులో బిడ్డను పోషించే మాయ (ప్లాసెంటా) గురించి ఒక వరుస ఉంటుంది: మావి ముందు గోడకు, గ్రేడ్ 2. ఆ అంకె చూసి హడలిపోయేవారున్నారు. అది మావిలో సున్నం ఎంత పేరుకుందో చెప్పే లెక్క. 0 నుంచి 3 దాకా ఉంటుంది, నెలలు నిండేకొద్దీ పెరగడం మామూలే. మావి గర్భాశయంలో ఎక్కడ అంటుకుని ఉందో ఆ వరుస చెబుతుంది. ఎలా పనిచేస్తోందో చెప్పదు.

కాన్పయ్యాక మావి ముక్క లోపల మిగిలిందేమోనని తిప్పి చూసి పక్కన పెట్టేస్తాం. అరకిలో బరువుండే ఆ అవయవమే అంతవరకూ బిడ్డకు ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, పేగులు. అది పనిలో ఉండగానే చూడాలని అమెరికాలో 2014లో హ్యూమన్ ప్లాసెంటా ప్రాజెక్టు మొదలైంది.

ఇప్పుడు మన అందుబాటులో ఉన్నది డాప్లర్ అనే స్కానింగు. బొడ్డుతాడు ధమనిలో నెత్తురు ఎలా పారుతోందో తెరమీద అలల్లా కనిపిస్తుంది. బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడు అల లేస్తుంది. మావి బాగుంటే, గుండె విశ్రమించే క్షణంలోనూ నెత్తురు ముందుకే సాగుతుంది. మావిలోని సన్నని నాళాలు దెబ్బతింటే ఆ క్షణంలో ప్రవాహం తగ్గుతుంది, తర్వాత ఆగిపోతుంది, మరీ ముదిరితే వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగిందంటే డాక్టరు మిమ్మల్ని ఇంటికి పంపరు.

పరిశోధకులు ఎంఆర్ఐతో ఇంకో అడుగు వేస్తున్నారు. ప్రాణవాయువు వదిలేసిన నెత్తురుకు అయస్కాంత గుణం కాస్త మారుతుంది, దాంతో ఎంఆర్ఐ సంకేతం త్వరగా చల్లారిపోతుంది. మావిలో ఏ భాగానికి ప్రాణవాయువు అందడం లేదో దీన్నిబట్టి అంచనా వేస్తారు. ఇంజెక్షన్ అక్కర్లేదు. ఎంఆర్ఐ బొమ్మ స్పష్టంగా రావడానికి మామూలుగా ఇంజెక్షన్‌గా ఇచ్చే గాడోలినియం మందు మావి దాటి బిడ్డను చేరుతుంది కాబట్టి దాన్ని వీలైనంతవరకు వాడరు. బిడ్డ కదిలినా, గర్భాశయం బిగిసినా బొమ్మ చెదురుతుందన్నది పెద్ద చిక్కు. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. కనుక ఎంఆర్ఐ కోసం ఎవరూ విశాఖపట్నం బస్సు ఎక్కవద్దు.

డాప్లర్ కూడా అందరికీ అక్కర్లేదు. బీపీ పెరిగినవారికి, బిడ్డ ఎదుగుదల తగ్గినవారికి దాని వల్ల ప్రాణాలు నిలుస్తాయి. ఏ ఇబ్బందీ లేనివారికి ఒరిగేదేమీ కనబడలేదు. ఆ బీపీ ఎవరికి పెరిగిందో ముందుగా తెలిసేది నెలనెలా 9వ తేదీన ఉచితంగా జరిగే పరీక్షలోనే. కొండ మీది ఊళ్ల నుంచి ఆ రోజుకు ఎవరు దిగి రాలేకపోతున్నారో, ఆశా అక్కలు ఇప్పుడు చెప్పండి.