ప్యాకేజీ తెరిచే ముందు వంద లైన్ల కోడ్

అందరికీ నమస్కారం.

ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిని, అంటే వస్తువును చిన్న ముక్కలుగా కోసి సమీకరణాన్ని లెక్కించే పద్ధతిని, ఎక్కడ మొదలుపెట్టాలని జియోఫిజిక్స్ విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. పైలిత్ నేర్చుకోవాలా, స్పెక్‌ఫెమ్ నేర్చుకోవాలా, ఆస్పెక్ట్ నేర్చుకోవాలా అని. మూడూ ఈ పద్ధతితో నడిచే సిద్ధమైన ప్యాకేజీలు, మూడూ మంచివే, మూడూ ఉచితంగా దొరుకుతాయి. కానీ వాటి జోలికి వెళ్ళేముందు, ఒకే దిశలో వేడి ప్రసరించే సమీకరణానికి మీరే సొంతంగా కోడ్ రాయండి. పైథాన్‌లో వంద లైన్లు కూడా పట్టవు. అవి రాసినవాళ్ళకు తర్వాత ఏ ప్యాకేజీ అయినా లొంగుతుంది. రాయనివాళ్ళు ఎన్ని రంగుల బొమ్మలు తీసినా, అవి నమ్మదగ్గవో కావో తేల్చుకోలేరు.

భూమి పైపొరను నిలువుగా ఒక గీత అనుకుని ముక్కలు చేయండి. ఒక్కో ముక్క ఒక ఎలిమెంట్, దాని రెండు కొసలు నోడ్లు. ముక్క లోపల ఉష్ణోగ్రత సరళరేఖలా మారుతుందనుకుంటే, ఆ ముక్క మ్యాట్రిక్స్‌లో ఉండేవి నాలుగే అంకెలు: పై వరసలో 1, −1, కింది వరసలో −1, 1. దాన్ని రాతి ఉష్ణవాహకతతో గుణించి ముక్క పొడవుతో భాగించాలి, అంతే. ఇక పక్కపక్క ముక్కల్ని కలపండి. మధ్య నోడ్ ఇద్దరికీ ఉమ్మడి కాబట్టి అక్కడ 2 వస్తుంది. వరస −1, 2, −1 అవుతుంది. ఫైనైట్ డిఫరెన్స్ (సమీకరణాన్ని గ్రిడ్ బిందువుల మధ్య తేడాలుగా రాసే పద్ధతి) చదివినవాళ్ళు దీన్ని వెంటనే గుర్తుపడతారు.

ఇప్పుడు పై ముక్క షేల్, కింది ముక్క గ్రానైట్ అనుకోండి. వాహకతలు 2, 3, పొడవులు సమానం. మధ్య నోడ్ వరస −2, 5, −3 అవుతుంది. ఉష్ణోగ్రతలు నిలకడగా ఉన్న స్థితికి ఆ వరసను కాగితం మీద విప్పి రాయండి. గ్రానైట్‌లోంచి పైకి వచ్చే వేడి, షేల్‌లోంచి పోయే వేడి సమానమన్న షరతు కనిపిస్తుంది. ఆ షరతు మీరు ఎక్కడా పెట్టలేదు, వీక్ ఫారమ్‌లోనే, అంటే సమీకరణాన్ని ఒక్కో బిందువు దగ్గర కాకుండా ముక్కల మీద సగటున నిలిచేలా రాసిన రూపంలోనే ఉంది. ఈ ఒక్క వరస చేత్తో రాసి చూసుకోవడం, నా దృష్టిలో, నెల రోజుల ట్యుటోరియల్ కంటే ఎక్కువ.

భూకంప తరంగాల దగ్గర ఇదే గుణం పెద్ద వరంగా మారుతుంది. నేల ఉపరితలం మీద పైనుంచి లాగే, నెట్టే బలం ఏదీ లేదు. వీక్ ఫారమ్‌లో ఉపరితలం దగ్గర మీరేమీ రాయకుండా వదిలేస్తే ఆ షరతే అమలవుతుంది. కొండలూ లోయలూ ఉన్నచోట మామూలు ఫైనైట్ డిఫరెన్స్ గ్రిడ్ మెట్లు మెట్లుగా తయారై, ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవాల్సి వస్తుంది. 1998లో శాస్త్రవేత్తలు కొమాటిచ్, విలోట్ త్రీడీ భూకంప తరంగాలకు స్పెక్ట్రల్ ఎలిమెంట్ పద్ధతిని (ముక్క లోపల సరళరేఖ బదులు ఎక్కువ బిందువుల గుండా వక్రరేఖ వాడే ఫైనైట్ ఎలిమెంట్ రకం) చూపించాక అది అంతగా పాకడానికి ఇదొక కారణం. అందులో సాధారణంగా ఒక్కో ఎలిమెంట్‌లో ఒక్కో దిశకు 5 బిందువులు, మొత్తం 125 ఉంటాయి. మాస్ మ్యాట్రిక్స్‌లో (సమీకరణంలో కాలంతో వచ్చే మార్పును చూసుకునే మ్యాట్రిక్స్) కర్ణం మీద తప్ప ఇంకెక్కడా అంకెలు ఉండవు కాబట్టి దాన్ని విలోమం చేయడానికి శ్రమే లేదు. అలాగని ఫైనైట్ డిఫరెన్స్‌ను చిన్నచూపు చూడకండి. శాస్త్రవేత్త విర్యూ 1986లో వాడిన స్టాగర్డ్ గ్రిడ్‌తో (వేగాలనూ ఒత్తిళ్ళనూ అర గడి ఎడంగా ఉంచే గ్రిడ్) ఈనాటికీ ఎంతో పని జరుగుతోంది.

మళ్ళీ మన వంద లైన్లకు వద్దాం. రాళ్ళ ఉష్ణ వ్యాపన గుణకం సుమారు సెకనుకు 10⁻⁶ చదరపు మీటర్లు. ముక్క పొడవు ఒక కిలోమీటరు, ఎక్స్‌ప్లిసిట్ పద్ధతి (ఇప్పటి విలువల నుంచే తర్వాతి అడుగును లెక్కించేది), మాస్ మ్యాట్రిక్స్‌ను కర్ణం మీదికి లంప్ చేశారనుకుంటే, అంటే వరసలోని అంకెలన్నీ కూడి కర్ణం మీదే పెట్టారనుకుంటే, ఒక్కో కాలపు అడుగు దాదాపు 16 వేల ఏళ్ళు దాటకూడదు. 20 వేల ఏళ్ళు పెట్టి కావాలనే చూడండి. ఉష్ణోగ్రతలు నోడ్ విడిచి నోడ్ ప్లస్సులూ మైనస్సులూ అయి పేలిపోతాయి. లంప్ చేయకపోతే ఆ పరిమితి మూడో వంతుకు పడిపోతుంది. ఇది ఒకసారి కళ్ళారా చూసినవాళ్ళు మరచిపోరు.

కోడ్ సరిగ్గా నడిచినంత మాత్రాన జవాబు సరైనది కాదు. 1862లో విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్, ఈ సమీకరణంతోనే భూమి వయసు లెక్కగట్టాడు. మొదట్లో సుమారు 3,900 డిగ్రీల సెల్సియస్ వేడి, పైన 50 అడుగుల లోతుకు ఒక ఫారన్‌హీట్ డిగ్రీ చొప్పున పెరుగుదల తీసుకుంటే 9.8 కోట్ల ఏళ్ళు వచ్చింది. మీ కోడ్‌కూ దాదాపు అంతే వస్తుంది. అసలు వయసు 454 కోట్ల ఏళ్ళు. గణితంలో తప్పేమీ లేదు. భూమి లోపల అంతటా వేడి ఒకే తీరుగా, రాతి ప్రసరణ ద్వారానే కదులుతుందన్నదే తప్పు. 1895లో జాన్ పెర్రీ ఆ లోపాన్నే ఎత్తిచూపాడు. పైన పలచటి పెంకు మాత్రం అలాగే ఉంచి, లోతున వాహకత బాగా పెంచి మీ కోడ్ నడపండి. పైన గ్రేడియెంట్ (లోతుతో ఉష్ణోగ్రత పెరిగే రేటు) ఎంతకాలం తగ్గకుండా నిలబడుతుందో చూస్తారు.

ఇదే కోడ్ మిమ్మల్ని మహారాష్ట్రలోని కొయనా జలాశయం దగ్గరికి తీసుకెళ్తుంది. 1967 డిసెంబర్ 11న అక్కడ 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. జలాశయం ప్రేరేపించిన భూకంపాల్లో అది ప్రపంచంలోనే పేరుపడ్డ ఉదాహరణ. మన హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) దశాబ్దాలుగా అధ్యయనం చేస్తున్న చోటు. రాతి పగుళ్ళలో నీటి పీడనం కిందికి పాకడానికీ, వేడి పాకడానికీ సమీకరణం ఒకటే. గుణకం మాత్రం 10⁻⁶ బదులు సుమారు 1 పెట్టవచ్చు, రాయిని బట్టి అటూ ఇటూ మారుతుంది. ఆ తేడా చూడండి: ఏడాదిలో వేడి ఐదారు మీటర్లు పాకితే, పీడనం ఐదారు కిలోమీటర్లు పాకుతుంది.

పై నోడ్ దగ్గర నీటిమట్టాన్ని ఏడాదికోసారి పెరిగి తగ్గేలా పెట్టండి. కింది సరిహద్దు మాత్రం 30 కిలోమీటర్ల దూరాన ఉంచండి. 6 కిలోమీటర్ల దగ్గరే పీడనం సున్నా అని కట్టిపడేస్తే మొత్తం లెక్క చెడిపోతుంది, పైగా బొమ్మ చూస్తే ఏ అనుమానమూ రాదు. గుణకం 1 అయినప్పుడు 5 కిలోమీటర్ల లోతులో పీడనపు ఊగిసలాట పైనున్నదాంట్లో ఐదో వంతు ఉండాలి, మూడు నెలలు ఆలస్యంగా రావాలి. కాగితం మీద సూత్రం చెప్పేది అదే. మీ కోడ్ ఆ రెండు అంకెలూ ఇచ్చాక పైలిత్ తెరిచి, అసలైన ఫాల్టులతో త్రీడీ మెష్ గీయడం మొదలుపెట్టండి.