కోర్సు చేసిన నర్సు ఎక్కడ పొరబడింది?

[దృశ్యం: ఆపరేషన్ తర్వాతి వార్డు]

ఆపరేషన్ అయి కొన్ని గంటలైంది. నడివయసు లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) మహిళ మూలుగుతోంది. చూడ్డానికొచ్చిన డాక్టరు, ఆయనా లాటినోయే, "ఈవిడకి నొప్పి బాగా ఉన్నట్టుంది" అన్నాడు. నర్సు కొట్టిపారేసింది. వేర్వేరు సంస్కృతుల రోగుల గురించి తను కోర్సు చేసిందట. లాటినోలు నొప్పిని ఎక్కువ చేసి చూపిస్తారని తనకు తెలుసట.

ఈ సంగతిని అమెరికా వైద్యులు మెలనీ టెర్వలాన్, జాన్ ముర్రే-గార్సియా 1998లో తమ వ్యాసంలో రాశారు. చూడండి, ఆ నర్సుకు చదువు తక్కువై కాదు, చదివిందే అడ్డమొచ్చింది! అందుకే ఆ వైద్యులు కల్చరల్ హ్యుమిలిటీ (సంస్కృతుల విషయంలో వినయం) నేర్పమన్నారు. అంటే జీవితాంతం మనల్ని మనం పరీక్షించుకోవడం, డాక్టరుకూ రోగికీ మధ్య ఉన్న హెచ్చుతగ్గుల్ని సరిచేయడం, ప్రజలతో కలిసి పనిచేయడం.

[తెర మీద: 2016]

అమెరికాలో తెల్లజాతి మెడికల్ విద్యార్థుల్ని, రెసిడెంట్లని (శిక్షణలో ఉన్న డాక్టర్లని) పరిశీలిస్తే, దాదాపు సగంమంది నల్లవారి శరీరం గురించి కనీసం ఒక తప్పుడు నమ్మకాన్ని నిజమే అనుకున్నారు. 'వాళ్ల చర్మం మందం' లాంటివి. అలా నమ్మినవాళ్లు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కానక్కర్లేదు. నాకు బెంగ కలిగించేది అదే.

మరి వైద్యవిద్యార్థులకు పాఠం చెప్పే మీరు క్లాసులో ఏం చేయాలి?

[దృశ్యం: ఇద్దరు విద్యార్థులు. ఒకరు రోగి పాత్రలో]

కేస్ షీట్‌లో 'బీపీ మాత్రలు సరిగా వాడటం లేదు' అని ఉంది. లోపలికెళ్లే ముందు విద్యార్థి ఒక్క వాక్యం రాయాలి: ఈ మనిషి గురించి నేనిప్పటికే ఏమనుకుంటున్నాను? 'నిర్లక్ష్యం' అని రాశాడనుకుందాం. ఇప్పుడు "ఎందుకు వేసుకోవట్లేదు?" అని నిలదీయకుండా, "మాత్రతో ఇబ్బంది ఎక్కడొస్తోంది?" అని అడగాలి.

రోగి: "అది వేసుకుంటే మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలి సార్. డ్యూటీలో వదలరు."

మాత్ర వేసుకునే వేళ మారిస్తే సరిపోవచ్చేమో, డాక్టరుతో మాట్లాడాలి. అలాగే అమెరికా మనోవైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ బృందం 1978లో సూచించిన ప్రశ్నలూ అలవాటు చేయించండి: ఈ జబ్బు ఎందుకొచ్చిందని మీరనుకుంటున్నారు? దీని గురించి మీకు అన్నిటికన్నా భయమేది?

విద్యార్థి రాసుకున్న ఆ వాక్యానికి మాత్రం దయచేసి మార్కులు వేయకండి. వేస్తే మీకు నచ్చేదే రాస్తారు. ముందు మీ వాక్యాన్ని మీరే బోర్డు మీద రాయండి.