సైకిల్ ముందు ఫోర్కు కష్టాలు: ఆదివారం ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ వారం సైకిల్ ముందు ఫోర్కు, అదే మనమందరం షాకర్లు అంటామే, వాటి గురించి. మెకానిక్ గారు స్టూడియోలో ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి.

మెకానిక్: నమస్తే అండి. ఒక్క మాట చెప్పేస్తాను. సైకిల్ పక్కన పెట్టుకుని ఫోన్ చేయండి, చేతిలో ఒక పొడి గుడ్డ ఉంచుకోండి. సగం జబ్బులు గుడ్డతో తుడిస్తేనే బయటపడతాయి.

యాంకర్: విశాఖపట్నం నుంచి మొదటి కాలర్. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లొస్తానండి. ఫోర్కు రాడ్ల మీద ఎర్రగా చుక్కలు చుక్కలుగా వచ్చాయి. డబ్ల్యూడీ-40 కొట్టి రుద్దితే పోయాయి గానీ వారానికి మళ్లీ తయారు.

మెకానిక్: స్ప్రే సీల్స్ మీద, అదే రాడ్డు లోపలికి దిగే చోట ఉండే రబ్బరు వలయాల మీద కూడా పడిందా?

కాలర్: పడే ఉంటుందండి, స్ప్రే కదా.

మెకానిక్: అదే చేయకూడదు. ఇది ఈరోజు పదిసార్లు చెప్తానేమో, ఏమీ అనుకోకండి. ఆ స్ప్రే తుప్పుని వదిలిస్తుంది, దాంతోపాటు సీలు లోపలున్న గ్రీజుని కూడా కడిగేస్తుంది. గ్రీజు పోతే రాడ్డు సీలుని పట్టుకుని గీకుతుంది. మీది ఇనప రాడ్డు, పైన క్రోమ్ పూత. ఉప్పుగాలికి పూతలో ఎక్కడ చిన్న పగులున్నా అక్కడి నుంచి తుప్పు లేస్తుంది. ఇప్పుడు ఆ చుక్క మీద గోరు పెట్టి పైనుంచి కిందికి లాగండి. గోరు ఆగుతోందా?

కాలర్: ఒక చోట... కొంచెం ఆగుతోంది సార్.

మెకానిక్: సీలు తిరిగే చోటా, ఇంకా పైనా?

కాలర్: బాగా పైన. కిరీటం దగ్గర, అదే రెండు రాడ్లూ పైన కలిసే చోట.

మెకానిక్: అయితే బతికిపోయారు, అంత పైదాకా సీలు రోజూ రాదు. ఇంటికి రాగానే తడిగుడ్డతో ఉప్పు తుడవండి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. వారానికోసారి ఒక్కో రాడ్డుకి ఒక చుక్క సిలికాన్ ఆయిల్ వేసి ఫోర్కుని పదిసార్లు నొక్కండి. సీలు అంచున నల్ల జిడ్డు వలయంలా పైకొస్తుంది, అది తుడిచేయండి. అంతే. స్ప్రే డబ్బా మాత్రం తలుపు బందులకి వాడుకోండి.

యాంకర్: థాంక్యూ అండి. తెనాలి నుంచి ఒకరు.

కాలర్: హలో... వినబడుతోందా? నేను రిటైర్డు టీచర్నండి. మా మనవడు టెన్త్ పాసయ్యాడని సైకిల్ కొనిచ్చాం. ఆన్‌లైన్లో. అట్టపెట్టెలో వచ్చింది. మా అల్లుడు యూట్యూబ్ చూసి బిగించాడు, ఆయన బ్యాంకులో చేస్తాడు లెండి, కానీ చేతిపని వచ్చు, మా ఇంట్లో మోటారు కూడా ఆయనే...

మెకానిక్: మాస్టారూ, ఇబ్బంది ఏంటి?

కాలర్: అదే చెప్తున్నా. బ్రేకు పట్టగానే ముందు టక్ మంటుంది. గుంటలో దిగినా టక్. ఇక్కడ షాపులో చూపిస్తే, అతను ఫోర్కుని రెండుసార్లు నొక్కి, షాకర్లు పోయాయి మార్చాల్సిందే, 4,500 అవుతుంది అన్నాడు. సైకిలొచ్చి మూడు నెలలు కూడా కాలేదు. మా వాడేమో అన్నం మానేసి కూర్చున్నాడు. ఇప్పుడు మార్చమంటారా సార్, వద్దంటారా?

మెకానిక్: మార్చడం తర్వాత. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. రెండో చేతి వేళ్లు హ్యాండిల్ కింద, గొట్టం ఫ్రేములోకి వెళ్లే చోట పెట్టండి. అక్కడ కదులుతోందా?

కాలర్: ఒరేయ్, సైకిల్ ఇటు తీసుకురా... ఆగండి సార్. మా వాడు తెస్తున్నాడు. ఈలోగా ఒక మాట, అసలు ఈ షాకర్లు లేని సైకిలే నయం కాదంటారా? నేను ముప్పై ఏళ్లు స్కూలుకి సైకిల్ మీదే వెళ్లాను, కట్ట మీద గతుకుల దారి, ఒక్కరోజు కూడా...

మెకానిక్: నయమే మాస్టారూ. సైకిల్ వచ్చిందా?

కాలర్: వచ్చింది. ఊపుతున్నాడు. ఆ, కదులుతోందంటున్నాడు. వేళ్లకి తెలుస్తోందట.

మెకానిక్: ఇంకో పని. ముందు చక్రాన్ని పక్కకి తిప్పి, బ్రేకు పట్టి మళ్లీ అలాగే ఊపండి. అప్పుడు కూడా టక్ ఉందా?

కాలర్: ఉంది. అంటే షాకర్లు పోయినట్టేనా?

మెకానిక్: కాదు. చక్రం పక్కకి తిప్పినా టక్ ఉందంటే అది కోన్ సెట్టు. హ్యాండిల్ బేరింగులు లూజున్నాయి. ఫోర్కులో బుష్‌లు, అంటే రాడ్లు జారే లోపలి రింగులు అరిగుంటే, చక్రం పక్కకి తిప్పినప్పుడు టక్ తగ్గిపోతుంది. మీ షాపాయన నొక్కి చూశాడు గానీ ఊపి చూడలేదు.

కాలర్: అయితే ఫోర్కు మార్చాలా?

మెకానిక్: వద్దు మాస్టారూ. స్టెమ్, అదే హ్యాండిల్‌ని పట్టుకునే ముక్క, దాని పైన మధ్యలో ఒక బోల్టు, పక్కన రెండు బోల్టులుంటాయి. పక్కవి రెండూ ముందు వదులు చేయాలి, తర్వాత పైది మెల్లగా బిగించాలి, లూజు పోయి హ్యాండిల్ ఇంకా తేలిగ్గా తిరిగేంతవరకే. ఆ తర్వాత పక్కవి గట్టిగా. చాలామంది పక్కవి వదలకుండా పైది ఒక్కటే తిప్పి తిప్పి బోల్టు పాడుచేస్తారు.

కాలర్: రాసుకుంటున్నా. పక్కవి వదులు... పైది... సరే. ఇంకోటి. మా వాడు, పొట్టిగా ఉంటాడు లెండి, మలుపు తిప్పితే బూటు ముందు టైరుకి రాసుకుంటుందంటాడు. నేనేమో కాలు సరిగ్గా పెట్టరా అని తిట్టాను.

మెకానిక్: ఏంటీ? బూటు టైరుకి తగులుతుందా?

కాలర్: అవునండి. ఒకసారి పడ్డాడు కూడా.

మెకానిక్: మాస్టారూ, సైకిల్ మీద కూర్చున్నట్టు నిలబడి చూడండి. ముందు డిస్కు బ్రేకు ఎడమ చేతి వైపుందా, కుడి చేతి వైపా?

కాలర్: కుడి. కుడి వైపే.

మెకానిక్: ఫోర్కు రెండు కాళ్లనీ కలుపుతూ టైరు మీదుగా విల్లులా వంగిన ఒక కడ్డీ ఉంటుంది చూడండి, అది టైరుకి ముందుందా, వెనకుందా?

కాలర్: వెనక... ఫ్రేము వైపు.

మెకానిక్: (నవ్వు) మీ అల్లుడుగారు ఫోర్కుని తిరగేసి బిగించారు.

కాలర్: ఏంటండీ?

మెకానిక్: ముందున్నది వెనక్కి పెట్టారు. డిస్కు బ్రేకు ఫోర్కు ఎడమ కాలికి, దాని వెనక వైపు ఉండాలి, ఆ విల్లు ముందుకి ఉండాలి. మానిటూ అని ఒక కంపెనీ ఫోర్కులకి మాత్రం ఆ విల్లు వెనకే ఉంటుంది, అది వేరే కథ, మీది అది కాదు. ఫోర్కు కొనకి చక్రం నాలుగైదు సెంటీమీటర్లు ముందుకు జరిగి కూర్చునేలా తయారుచేస్తారు. తిరగేస్తే అదే దూరం వెనక్కొస్తుంది. రెండూ కలిపి చక్రం ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు కాళ్ల దగ్గరికి వచ్చేసింది. బూటు తగలక ఏం చేస్తుంది? పిల్లాడి తప్పేం లేదు.

కాలర్: అయ్యో. ఆయన బ్యాంకు మేనేజరండి.

మెకానిక్: మేనేజర్లే కాదు, షాపుల్లో కూడా ఇలా బిగించి రోడ్డు మీదకి పంపిన సైకిళ్లు నెలకొకటి చూస్తాను. ఈరోజు బయటికి తీయనివ్వకండి. స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, హ్యాండిల్ కదలకుండా పట్టుకుని, చక్రంతో సహా ఫోర్కుని అర్ధ చుట్టు తిప్పండి. బ్రేకు వైరు గొట్టానికి చుట్టుకోకుండా చూడండి. హ్యాండిల్ నిటారు చేసి, ఇందాక రాసుకున్నారే, ఆ వరసలో బిగించండి.

కాలర్: అయితే ఫోర్కు మార్చ...

మెకానిక్: మార్చొద్దు మాస్టారూ! ఆ 4,500 పెట్టి వాడికో హెల్మెట్టు, మంచి టైర్లు కొనిపెట్టండి, ఇంకా మిగుల్తాయి.

యాంకర్: థాంక్యూ మాస్టారూ. నెక్స్ట్ కాలర్, కరీంనగర్.

కాలర్: అన్నా, నేను నైన్త్ క్లాస్. మా గ్రౌండ్‌లో మట్టికుప్ప ఉంది, దాని మీద నుంచి జంప్ కొడతాం. షాకర్లున్నయి కదా, ఏం కాదు కదా అన్నా?

మెకానిక్: ఫోర్కు కాలు మీద స్టిక్కరు ఉంటుంది, చదివినవా? జంప్‌లకి కాదని చాలా ఫోర్కుల మీద రాసే ఉంటది. లోపల ఒక స్ప్రింగు, ఒక రబ్బరు ముక్క, అంతే తమ్ముడూ. గుంతల రోడ్డుకి చేసిందది. నువ్వు ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి పడితే...

కాలర్: మా ఫ్రెండ్‌ది విరగలే అన్నా...

మెకానిక్: ఇంకా విరగలే. హలో?

యాంకర్: లైన్ కట్టయింది. హైదరాబాద్, మియాపూర్ నుంచి.

కాలర్: హాయ్ సార్. మేం నెలకోసారి గ్రూపుగా వికారాబాద్ వెళ్తాం, అనంతగిరి దగ్గర మట్టి దారుల్లో తొక్కుతాం. నా బరువు 92 కిలోలు. నా స్ప్రింగు ఫోర్కు ప్రతి రాయికీ అడుగంటి టంగుమంటోంది. పైన ప్రీలోడ్ నాబ్ పూర్తిగా బిగించేశాను, అయినా అదే టంగు. స్ప్రింగు బదులు గాలితో పనిచేసే ఎయిర్ ఫోర్కు వేయించాలనుకుంటున్నాను.

మెకానిక్: నాబ్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. గట్టిపడదు. స్ప్రింగుని ముందే కొంచెం నొక్కి ఉంచుతుంది, అంతే. మీరెక్కినప్పుడు ఫోర్కు కాస్త తక్కువ దిగుతుంది గానీ రాయి తగిలినప్పుడు స్ప్రింగు అదే స్ప్రింగు. ఎయిర్ ఫోర్కైతే మీ బరువుకి తగ్గట్టు గాలి పెంచుకోవచ్చు, అక్కడ మీరన్నది కరెక్టే. కానీ డబ్బులు కట్టే ముందు కొలతలు చూసుకోండి. ఫ్రేములోకి వెళ్లే స్టీరర్ గొట్టం మీది పైనుంచి కిందిదాకా ఒకే లావా?

కాలర్: ఏమో సార్, చూడలేదు.

మెకానిక్: పాత ఫ్రేముల్లో ఎక్కువగా ఒకే లావు, 28.6 మిల్లీమీటర్లు. ఇప్పటి మంచి ఫోర్కులు చాలావరకు కింద 1.5 అంగుళాలకి లావెక్కుతాయి. అది సన్న ఫ్రేములో దిగదు. ఇక చక్రం ఇరుసు. మీది 9 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్ అయ్యుండొచ్చు, కొత్త ఫోర్కు 15 మిల్లీమీటర్ల ఇరుసు అడుగుతుంది, అప్పుడు హబ్బూ, అంటే చక్రం మధ్య భాగమూ మార్చాలి. ఫోర్కు ధరకి చక్రం ధర కలిసింది. ట్రావెల్, అంటే ఫోర్కు నొక్కుకుపోయే దూరం, ఎంత మీది?

కాలర్: 100 మిల్లీమీటర్లు. ఫ్రెండ్ ఒకతను 140ది సెకండ్ హ్యాండ్ ఇస్తానంటున్నాడు.

మెకానిక్: వద్దు. ముందు భాగం 4 సెంటీమీటర్లు లేస్తుంది. 2 సెంటీమీటర్లకే హెడ్ యాంగిల్, అంటే ఫోర్కు వాలు కోణం, దాదాపు ఒక డిగ్రీ పడిపోతుంది. ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది, ఫ్రేము మీద బరువు పడే తీరు మారిపోతుంది. 100 ఫ్రేముకి 100, మహా అయితే 120. సెకండ్ హ్యాండ్ ఏదైనా సరే, రాడ్ల మీద గోరు పెట్టి చూడకుండా రూపాయి ఇవ్వకండి. దాని మీద డబ్ల్యూడీ-40 వాసన వస్తే ఇంకా ఆలోచించండి.

యాంకర్: తిరుపతి నుంచి మేడమ్ ఒకరు.

కాలర్: సార్, నేను ఆఫీసుకి రానూపోనూ 14 కిలోమీటర్లు తొక్కుతాను, మొత్తం తారు రోడ్డే. షాకర్లు అవసరమా?

మెకానిక్: అక్కర్లేదమ్మా. ఆ స్ప్రింగు ఫోర్కు ఒక్కటే రెండు, రెండున్నర కిలోలుంటుంది. ఉన్నదాన్ని లాకౌట్ చేసి, అంటే కదలకుండా లాకు వేసి తొక్కండి. గుంతల రోడ్డు వస్తే మాత్రం లాకు తీసేయండి, లాకు మీద గుంతలో దింపితే లోపలి ప్లాస్టిక్ ముక్కలు పోతాయి.

యాంకర్: అమెరికా నుంచి కాల్ ఉంది. అది కలిసేలోపు, మెకానిక్ గారూ, అసలు సైకిల్‌కి ఈ షాకర్లు ఎప్పుడొచ్చాయి?

మెకానిక్: మౌంటెన్ బైకుల్లో షాకర్లకి పేరొచ్చింది పాల్ టర్నర్ అనే ఆయన వల్ల. మోటార్‌సైకిళ్ల దగ్గర పనిచేసినాయన. 1989లో రాక్‌షాక్స్ ఆర్ఎస్-1 తెచ్చాడు, గాలీ ఆయిలూ కలిపి, ట్రావెల్ 5 సెంటీమీటర్లలోపే. మరుసటి ఏడే అమెరికాలో డురాంగోలో ప్రపంచ పోటీలు జరిగితే, ఆ ఫోర్కు మీద గ్రెగ్ హెర్బోల్డ్ డౌన్‌హిల్ గెలిచాడు. అక్కడితో...

యాంకర్: లైన్ కలిసింది. బెంటన్‌విల్ నుంచి. చెప్పండి.

కాలర్: హలో అన్నా, ఇక్కడ రాత్రి పన్నెండున్నర దాటింది, మీ కోసమే మేలుకున్నా. మా ఇంటి వెనకే ట్రైల్స్, స్లాటర్ పెన్ అనే చోట వారానికి మూడుసార్లు తొక్కుతాను. 140 ఎయిర్ ఫోర్కు. గాలి కారిపోతోంది. 70 కొట్టి మర్నాడు పంపు పెడితే 60 చూపిస్తుంది. మళ్లీ కొడతా, మళ్లీ అంతే. టెన్షన్ వస్తోంది.

మెకానిక్: మర్నాడు పంపు తగిలించాకే 60 కదా? పంపు గొట్టం ఖాళీగా ఉంటుంది తమ్ముడూ. వాల్వ్ తెరుచుకోగానే ఫోర్కులో గాలి కొంచెం ఆ గొట్టంలోకి వెళ్తుంది. అది కారడం కాదు, మీరే కొలిచి దించుతున్నారు. తీసేటప్పుడు వచ్చే బుస్సు కూడా గొట్టంలోదే.

కాలర్: కానీ ఫోర్కు కూడా బాగా కిందికి దిగుతోందన్నా. ఎక్కి నిలబడితే రాడ్డు మీది రబ్బరు రింగు 60 మిల్లీమీటర్ల దగ్గరుంటోంది.

మెకానిక్: అది ఎక్కువే. మీరెక్కితే 140కి పావు వంతు, అంటే 35 దిగితే చాలు. గాలి ఎలా కొడతారు? ఒక్కసారే 70 దాకానా?

కాలర్: అవును.

మెకానిక్: అక్కడుంది తప్పు. లోపల రెండు గదులుంటాయి. పైగదిలో గాలి నింపాక ఫోర్కుని మెల్లగా పదిసార్లు నొక్కితేనే కింది చిన్న గదిలోకి కొంత వెళ్లి సమానమవుతుంది. మీరు నొక్కకుండా వదిలేసి ట్రైల్‌కి వెళ్తే అది దారిలో సమానమై ప్రెషరు పడిపోతుంది. పదేసి చొప్పున కొట్టండి, నొక్కండి, మళ్లీ కొట్టండి. హెల్మెట్టు, నీళ్ల సంచీతో సహా ఎక్కి, పెడల్స్ మీద నిలబడి రింగు చూడండి. కాగితం మీద ప్రెషరు కాదు, రింగు మాట వినండి. సర్వీసు ఎప్పుడు చేయించారు?

కాలర్: మూడేళ్లయింది కొని. చేయించలేదు. లీకేం కనబడలేదు కదా అని...

మెకానిక్: (నిట్టూర్పు) వారానికి మూడు రైడ్లు, మూడేళ్లు. కింది కాళ్లు విప్పి ఆయిలు మార్చి, సీలు కింద స్పాంజి రింగులు తడపడానికి కంపెనీలు మామూలుగా 50 గంటలు చెప్తాయి. మీరు మూడు వందలు దాటారు. ఆ స్పాంజిలు ఎండి బిస్కెట్లయి ఉంటాయి. రేపే ఇవ్వండి.

యాంకర్: థాంక్యూ, పడుకోండి ఇక. చివరి కాల్... తెనాలి?

కాలర్: నేనే సార్, ఇందాక మాట్లాడినాయన్ని. తిప్పేశాం! మా అల్లుడు ఫోన్‌లో చెప్తుంటే మా వాడే తిప్పాడు. టక్ పోయింది. బూటు తగలట్లేదు. కానీ ఇప్పుడు బ్రేకు డిస్కుకి రాసుకుని సుయ్ సుయ్ మంటోంది. ఫోర్కు మార్చాలేమోనని...

మెకానిక్: మాస్టారూ. బ్రేకు డబ్బాని ఫోర్కుకి పట్టించిన బోల్టులు రెండుంటాయి. కొంచెం వదులు చేసి, బ్రేకు గట్టిగా పట్టుకుని, అలా పట్టుకునే రెండూ మెల్లమెల్లగా ఒకదాని తర్వాత ఒకటి బిగించమనండి.

కాలర్: బ్రేకు పట్టుకునే... బిగించాలి. రాసుకుంటున్నా. నూనె ఏమన్నా వేయమంటారా, సుయ్ మంటోంది కదా? ఇంట్లో ఆ నీలం డబ్బా స్ప్రే ఉంది.

మెకానిక్: వద్దు, వద్దు! డిస్కు మీద చుక్క పడినా బ్రేకు పట్టదు!

యాంకర్: సమయం అయిపోయింది. అందరికీ థాంక్యూ.